మీకు తెలుసా? రేడియేషన్ చికిత్స సంగతులు

రేడియేషన్ ఇవ్వాలని డాక్టరు చెప్పిన రోజునే చికిత్స మొదలవదు. ముందు సిమ్యులేషన్ ఉంటుంది. రోజూ ఏ భంగిమలో పడుకోవాలో చూసి, అలాగే పడుకోబెట్టి సీటీ స్కాన్ తీస్తారు. ఒంటిమీద గీతలు పెడతారు, కొన్నిచోట్ల చిన్న పచ్చబొట్టు చుక్కలు పొడుస్తారు. డాక్టరు ఆ స్కాన్ మీద గడ్డనూ, చుట్టుపక్కల కాపాడుకోవలసిన అవయవాలనూ గుర్తిస్తారు. కిరణాలు ఏ వైపు నుంచి ఎంత మోతాదులో రావాలన్న లెక్క మెడికల్ ఫిజిసిస్టుది. రోగి చాలాసార్లు ఆ మనిషిని చూడనైనా చూడడు, కానీ చికిత్స అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఇందుకు కొన్ని రోజులు పట్టడం మామూలే, కంగారు పడకండి. స్నానం చేసేటప్పుడు గీతలు చెరిగిపోతే ఇంట్లో పెన్నుతో దిద్దుకోవద్దు. మర్నాడు వెళ్లి టెక్నీషియన్‌కు చెప్పండి.

నోరు, గొంతు, మెదడు క్యాన్సర్లయితే ముఖానికి మాస్కు చేస్తారు. చిల్లులున్న ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిస్తే కొద్ది నిమిషాల్లో ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు, చిల్లుల్లోంచి ఊపిరి మామూలుగానే ఆడుతుంది. ఇరుకులో ఉంటే గుండెదడ వచ్చేవాళ్లు మొహమాటపడకుండా ముందే చెప్పాలి.

చికిత్స గదిలో మీరొక్కరే ఉంటారు. బల్ల మీద గడిపేది పావుగంట, ఇరవై నిమిషాలు. అందులో కిరణాలు వచ్చేది కొద్ది నిమిషాలే, మిగతాదంతా సరిగ్గా పడుకోబెట్టడానికే పోతుంది. ఊళ్లలో దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు గానీ షాకు కొట్టదు, మంట పుట్టదు, నొప్పి ఉండదు. యంత్రం చేసే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. బయట ఉన్నవాళ్లు కెమెరాలో మిమ్మల్ని చూస్తూనే ఉంటారు, మీ మాట వాళ్లకు వినబడుతుంది. ఇబ్బందిగా ఉంటే చెయ్యెత్తండి, వెంటనే ఆపుతారు.

చికిత్స తీసుకుంటున్న తల్లికి కంచం, గ్లాసు, మంచం వేరు చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ఇది చాలా అన్యాయం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. యంత్రంతో బయటినుంచి ఇచ్చిన రేడియేషన్ ఒంట్లో మిగలదు కూడా. గది దాటిన క్షణం నుంచి మనవణ్ని ఎత్తుకోవచ్చు, కడుపుతో ఉన్న కూతురి పక్కన కూర్చోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మందు మింగినవాళ్లు, ఒంట్లో శాశ్వతంగా ఉండిపోయే రేడియోధార్మిక గింజలు పెట్టించుకున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు జాగ్రత్తగా ఉండాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి రేడియేషన్‌తోపాటు బ్రాకీథెరపీ కూడా ఇస్తారు. సన్నని గొట్టాల ద్వారా ఇరిడియం-192 వంటి మూలకాన్ని కొన్ని నిమిషాలు లోపల ఉంచి వెనక్కి తీసేస్తారు. అది బయటికి వచ్చేశాక ఒంట్లో రేడియేషన్ ఉండదు. ఈ విధానంలో పేరు తెచ్చుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు.

రేడియేషన్ మోతాదును ‘గ్రే’లలో కొలుస్తారు. తల, మెడ క్యాన్సర్లలో సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున 35 సిట్టింగులు, అంటే ఏడు వారాలు. రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు 25 ఇచ్చేవారు, ఇప్పుడు చాలామందికి 15 సరిపోతున్నాయి. తొలిదశలో ఉన్నవారికి 5 చాలని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం 2020లో చూపింది. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పి తగ్గించడానికి ఒక్క సిట్టింగే ఇవ్వడమూ ఉంది. అందుకే వెయిటింగ్ హాల్లో పక్కవాళ్ల లెక్కతో మన లెక్క పోల్చుకోవద్దు.

ఇన్ని ముక్కలు ఎందుకు? ఒక సిట్టింగుకూ మరో సిట్టింగుకూ మధ్య దొరికే గంటల్లో ఆరోగ్యంగా ఉన్న కణాలు తమను తాము బాగుచేసుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. అయితే మధ్యలో రోజులు పోతే, మిగిలిన క్యాన్సర్ కణాలకు మళ్లీ పెరిగే సందు దొరుకుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బ్రాకీథెరపీతో కలిపి మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో ముగియాలన్నది డాక్టర్ల నియమం. ఈ శీర్షికలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. పండక్కి ఊరెళ్లాలనీ, నాట్లు పడుతున్నాయనీ, మేనకోడలి పెళ్లనీ నాలుగు రోజులు మానేస్తే, తర్వాత నాలుగు రోజులు ఎక్కువ పెట్టించుకున్నా ఆ నష్టం పూర్తిగా పూడదు. యంత్రం చెడిపోయో, జ్వరం వచ్చో తప్పనిసరిగా ఆగితే, పోయిన సిట్టింగును ఎలా సర్దుతారని డాక్టరును అడగండి. శనివారం పిలవడం, ఒకే రోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇవ్వడం లాంటి దారులున్నాయి.

చాలామంది మానేసేది మధ్యలోనే. మొదటి వారం ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు చర్మం కములుతుంది, నోరు పూస్తుంది, మింగుడు పడదు. పొత్తికడుపుకు ఇస్తుంటే విరేచనాలు, మూత్రంలో మంట. ఎక్కడ ఇచ్చినా నీరసం. చికిత్స అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు ఇవి ముదిరి, ఆ తర్వాతే తగ్గుముఖం పడతాయి. ఇది ముందే తెలియక, ‘కరెంటు పడలేదు’ అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. నొప్పికి మందులున్నాయి, మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇస్తారు. వారానికోసారి డాక్టరు చూసేటప్పుడు ఓర్చుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. జుట్టు మాత్రం కిరణాలు పడిన చోటే రాలుతుంది. రొమ్ముకు ఇస్తే తల జుట్టు పోదు, అది పోగొట్టేది కీమో మందులు.

చర్మం కమిలిందని పసుపు, ఆకుపసర్లు, దొరికిన నూనెలు రాయకండి. గోరువెచ్చటి నీళ్లు, వదులైన నూలు బట్టలు, డాక్టరు చెప్పిన క్రీము చాలు.

నోటికీ, గొంతుకూ రేడియేషన్ అనగానే ముందు పళ్ల డాక్టరుకు చూపించాలి. పుచ్చిపోయిన పళ్లు మొదలుపెట్టకముందే తీయించుకుంటే పుండు మానుతుంది. రేడియేషన్ తగిలిన దవడలో రక్తప్రసారం తగ్గి, తర్వాత పన్ను తీస్తే ఎముక కుళ్లే ప్రమాదముంది. ఇది ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఎప్పుడు పన్ను తీయించుకోవలసి వచ్చినా ఆ సంగతి చెప్పితీరాలి.

పథ్యం పేరుతో గుడ్డు, పాలు, పప్పు మాన్పించే పెద్దవాళ్లకు ఒక మనవి. పుండు మానాలన్నా, బరువు పడిపోకుండా ఉండాలన్నా మాంసకృత్తులు కావాలి. బరువు బాగా తగ్గితే మాస్కు వదులై మళ్లీ మొదటినుంచి ప్లాన్ చెయ్యాల్సి రావచ్చు. నోరు పూసినప్పుడు కారం, పులుపు మానండి, తిండి మానకండి. చుట్ట, బీడీ, సిగరెట్ మానాల్సిందే. పొగ వల్ల గడ్డకు ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే రేడియేషన్ పనితనం తగ్గుతుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద రేడియేషన్ చికిత్స చేస్తారు. రానుపోను ఖర్చులకు భయపడేవాళ్లకు ఇంకో మాట: చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్‌పై నూరు శాతం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంది. రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మొదటి రోజే అడిగి తీసుకోండి.