మేడలు, బేరములు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. ఇల్లమ్మి చూడుమని చెప్పలేదు. వారి కాలమున ఇల్లమ్ముకొనుట గృహస్థునకు తలవంపు. అప్పులపాలైనవాడు తప్ప ఆ పనికి పూనుకొనడు. నేటి స్థితి వేఱు. తెనాలి పట్టణమునందును, చుట్టునున్న డెల్టా గ్రామములందును మూడంతస్తుల మేడ కట్టి, పాలరాయి పఱచి, టేకు తలుపులు బిగించి, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడగా, వృద్ధదంపతులు క్రింది గదులలో కాలము గడపుచు పై యంతస్తులకు తాళములు వేసియుంచిన యిండ్లు ప్రతి వీధిలోను కనబడుచున్నవి. మోకాళ్లు సహకరింపవు, ఊడ్చువారు దొరకరు, వైద్యమునకు రొక్కము కావలెను. అట్టి యింటిని అమ్మజూచుట అక్కఱ తీరుటచేత గాని అప్పుచేత గాదు. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. కాని ధరలు దిగుచున్న కాలమున ఆ పనికి పూనుకొన్నవాని పాట్లు విచారింపదగియున్నవి. అట్టి కాలమొకటి 2019 చివరనుండి నాలుగేండ్లకు పైగా మన కండ్లయెదుటనే నడచినది.

ఆ కథ పాఠకు లెఱుగనిది కాదు. 2014 సెప్టెంబరు 4వ తేదీన రాజధాని విజయవాడ పరిసరములందుండునని శాసనసభలో ప్రకటింపబడెను. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రి శంకుస్థాపన గావించెను. రాజధాని గ్రామముల రైతులు 33 వేల యెకరములకు పైబడిన భూమిని సమీకరణపద్ధతిని ప్రభుత్వమునకు స్వాధీనపఱచిరి. రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ పరిధిలో తెనాలియు చేరెను. గుంటూరు, విజయవాడలు రెండును చేరువ, రైలు కూడలి, ఇంటి ముంగిట కాలువ నీరు, ఇంకేమి కావలెను? గజముల లెక్కన మాటలాడని వాడు లేకపోయెను. 2018 నవంబరులో ఆ సంస్థవారు నేలపాడు వద్ద హ్యాపీనెస్ట్ అను పేర కట్టదలచిన నివాసములలో మొదటి 300 కొన్ని గంటలలోనే బుక్కయ్యెను. అప్పటికి గోడ లేవలేదు.

2019 డిసెంబరు 17న రాష్ట్రమునకు మూడు రాజధానులుండవచ్చునని నాటి ముఖ్యమంత్రి శాసనసభలో పలికెను. 2020లో ఆ మాట చట్టమయ్యెను. 2021 నవంబరులో ఆ చట్టము ఉపసంహరింపబడెను. 2022 మార్చి 3న అమరావతినే నిర్మింపవలెనని ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను; వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోయెను. 2024 జూన్‌లో ప్రభుత్వము మాఱెను. 2025 మే 2న పనులు మరల ప్రారంభమయ్యెను. ఈ మార్పులలో దేనివలనను తెనాలిలోని మేడ యొక్క ఇటుక యొకటియైన కదలలేదు. కాలువ తన దారిని తాను పాఱుచునేయుండెను. మాఱినది సర్కారు మాట. దానితో కొనువాని మనస్సు మాఱెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ధరలు దిగినపుడు అన్ని యాస్తులును ఒకే తీరున దిగవు. చిన్న యింటికి ఏ యుద్యోగియో, చిల్లర వర్తకుడో దొరకును. అతనికి తల దాచుకొను నీడ కావలెను గనుక రాజధాని యెచ్చటనున్నను కొనును. పొలమైనచో అక్కఱకు ఒక యెకరమమ్మి తక్కినది నిలుపుకొనవచ్చును. మేడలో ఒక గది నమ్ముట కుదరదు. మఱియు కోటిన్నర, రెండు కోట్లు చేత బట్టుకొన్నవాడు పరుల యభిరుచితో కట్టిన వంటయింటిని ఏల కొనవలెను? అతడు స్థలము కొని తన వాస్తుప్రకారము కట్టుకొనును. లేదా హైదరాబాదున ఫ్లాటు కొనును. స్థలమునకు వెలకట్టును గాని, అమ్మువాడు ప్రాణసమానముగా నెంచుకొన్న పాలరాతిని పాత సామానుగా లెక్కించును. ఇది క్రూరముగా దోచవచ్చును గాని బేరమున నడచున దిదియే.

వాస్తు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ధరలు పెఱుగు దినములలో ఈశాన్యమున నున్న మెట్లు ఎవరి కంటను బడవు. ధరలు దిగగనే వీధిపోటు, బావి స్థానము, వంటయింటి ముఖము మొదలగు దోషములన్నియు ఒక్కసారిగా బయటపడును. శాస్త్రము మాఱలేదు, గిరాకి మాఱినది.

తెనాలికి ఆమడ దూరమైన లేని దుగ్గిరాలలో పసుపు యార్డు కలదు. అచ్చటికి పసుపు దెచ్చిన రైతు ఆనాటి వెల తెలిసికొనగలడు. పదిమంది వర్తకులు కొమ్ము విఱిచి చూచి పాట పాడుదురు. వెల నచ్చకున్న సరకును శీతలగిడ్డంగిలో నిలుపుకొనును. మేడకు యార్డు లేదు. సంవత్సరమున కిద్దఱో ముగ్గురో వచ్చి చూచిపోవుదురు. దళారి చెప్పు వెల యొకటి, దస్తావేజున వ్రాయు వెల యొకటి, ప్రక్కయింటివారు తాము పొందితిమని చెప్పుకొను వెల మఱియొకటి. ఇన్నింటి నడుమ గృహస్థు తన చెవికింపైన దానిని, అనగా 2018 నాటి దానిని, మనస్సున నిలుపుకొనును. మేడను శీతలగిడ్డంగిలో పెట్టుటకు వీలులేదు. తాళము వేసిన గదులలో చెదలు పట్టును; వర్షమునకు కప్పు కాఱును; ఆస్తిపన్ను ఆగదు.

లెక్క చూతము. ఒకనికి కోటిన్నరకు బేరము వచ్చినదనుకొందము. అతడు రెండు కోట్లకు తక్కువ గాదని త్రిప్పి పంపి నాలుగేండ్లు ఆగి రెండు కోట్లే పొందెను. యాబది లక్షలు గెలిచితినని అతని సంతోషము. కాని ఆ కోటిన్నరను బ్యాంకులో నూటికి ఆఱు వడ్డీకి వేసియున్న ఏటికి తొమ్మిది లక్షలు, నాలుగేండ్లకు ముప్పదియాఱు లక్షలు వచ్చియుండెడివి. మిగిలిన పదునాలుగు లక్షలలో రంగులు, మరమ్మతులు, పన్ను, కావలివాని జీతము తీసివేయుడు. ఆ నాలుగేండ్లు అతడు మెట్లెక్కలేక క్రింది గదిలో పడిన యవస్థకు ఏ పద్దున వెల వ్రాయుదుము? ఇది రెండు కోట్లు వచ్చిన యదృష్టవంతుని లెక్క. రానివాని లెక్క వేయనక్కఱలేదు.

శాసనములును అమ్మువానికి తోడ్పడుట లేదు. బజారు వెల దిగినంత త్వరగా సర్కారు పుస్తకములోని వెల దిగదు. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములు కలిసి నూటికి ఏడున్నర. అవి పుస్తకపు వెల కంటె తక్కువపై కట్టుటకు వీలులేదు. నిజముగా వచ్చిన వెల పుస్తకపు వెలకు నూటికి పదికి మించి తక్కువైనచో, రాని సొమ్మును వచ్చినట్లే యెంచి ఆదాయపుపన్ను వేయుదురు. ఇల్లు అమెరికాలోనున్న కుమారుని పేర నున్నచో చిక్కు మఱింత. విదేశవాసియొద్ద కొనువాడు లాభముపై గాక మొత్తము వెలపై ముందుగనే పన్ను పట్టి ఖజానాకు కట్టవలెను. తక్కువ పట్టుటకు ధ్రువపత్రమును ముందుగా సంపాదించుకొనవలెను. ఈ సంగతి బయానా నాడు తెలిసిన కొనువాడు, ఈ తంటా నాకేల యని ప్రక్కవీధికి పోవును.

మేడ లమ్ముడుపోకపోవుట ధనికుల బాధ, మనకేమి యని కొందఱందురు. వారితో మే మేకీభవింపజాలము. కొనువాడు వెనుదీసిన వీధిలో కట్టువాడును వెనుదీయును. 2019లో ఇసుక కొఱతయు తోడై తాపీమేస్త్రీలు, కూలీలు పనిలేక పడిన కష్టము ధనికులది కాదు గదా. మేడ యజమానికి పోయినది వెల. మేస్త్రీకి పోయినది కూడు.

ఈ సీమకు ఇది క్రొత్త యనుభవము గాదు. 1929లో న్యూయార్కు షేర్ల బజారు కూలిన పిమ్మట కొన్నియేండ్లలో చెన్నరాజధానిలో ధాన్యము వెల దాదాపు సగమునకు దిగెను. శిస్తు దిగలేదు, వడ్డీ దిగలేదు. నిడుబ్రోలువాసియైన ఆచార్య రంగా మొదలగువారు రైతులను కూడగట్టి ఆందోళన సలిపిరి. 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము ఋణవిమోచన శాసనము చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు ఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ దానివలన రద్దయ్యెను. కాని వార్షికాద్దె విలువ ఆఱునూఱు రూపాయలకు తక్కువ గాని యింటికి పట్టణమున పన్ను కట్టువానిని ఆ శాసనము వ్యవసాయదారునిగా నెంచలేదు. మేడయే వానికి అడ్డయ్యెను. నాటి మంత్రివర్గము చేసినది న్యాయమే యని మా తలంపు. అయినను ఋణగ్రస్తునకు ఊఱట కలిగింపవలెనన్న స్పృహ ప్రభుత్వమునకు నాడుండెను. నేడు ప్రభుత్వపు మాటయే ధరను ఎత్తి, ప్రభుత్వపు మాటయే దించినను, పుస్తకపు వెల నైనను వేళకు సవరించు దిక్కు లేదు. ధరలు పెఱిగినపుడు దానిని పెంచుటకు ముహూర్తము దొరకుచున్నది గదా, దిగినపుడు ఏల దొరకదు?

ఇపుడు అమరావతిలో పనులు సాగుచున్నవని విని కొందఱు గృహస్థులు మరల 2018 నాటి వెలను తలంచుకొనుచున్నారు. వారికి మా మనవి యొక్కటే. బేరము వచ్చువఱకు ఆగక, ఆస్తిపన్ను రసీదులు, ఈసీ, కట్టడపు అనుమతి, వారసుల సంతకములు ఇపుడే సరిచూచుకొనవలెను. విదేశముననున్న పిల్లలు ఈసారి సెలవులకు వచ్చినపుడు ఆ కాగితములను ముందు వేసికొని, ఎంతకు అమ్మవచ్చునో తల్లిదండ్రులతో కూర్చుండి నిర్ణయింపవలెను. ఆ వెల వచ్చిననాడు మఱియొక యేడు చూతమని త్రిప్పి పంపరాదు.