సూక్ష్మమున మారు వస్తుగుణము

కాజీపేట జంక్షనులో రైలు దిగి హనుమకొండకు పోవు మార్గమున, మన పెద్దలు నేటికిని 'ఇంజనీరింగు కాలేజి' యని పిలుచు విద్యాసంస్థ కలదు. 1959 అక్టోబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. దేశమునందలి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో అదియే మొదటిది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. శంకుస్థాపన జరిగిన ఆ 1959లోనే, డిసెంబరు 29న, అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త ఒక ఉపన్యాసమిచ్చెను. ఇరువదినాలుగు సంపుటముల బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును ఒక గుండుసూది తలపై ఏల వ్రాయరాదని ఆయన ప్రశ్నించెను. ఈ రెండు సంగతులకు సంబంధమేమియు లేదు. కాని నాడు వినోదముగా తోచిన ఆ ప్రశ్న నేడు ఇంజనీరింగు విద్యార్థులకు పాఠ్యవిషయమైనది. దానినే నానో సాంకేతికశాస్త్ర మనుచున్నారు.

'నానో' యను మాటకు మూలమైన గ్రీకు పదమునకు మరుగుజ్జు అని అర్థము. ఒక మీటరును నూరు కోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. అంకె చెప్పినంతమాత్రమున ఇది ఊహకు అందదు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. మురికినీటిలోని బాక్టీరియా పొడవు వేయి, రెండువేల నానోమీటర్లు. వైరసులలో పెక్కు నూరు నానోమీటర్ల ప్రాంతమున నుండును. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల వరకు గల ఈ పరిధిలో పదార్థమును మలచి, దాని గుణములను వినియోగించుకొనుటయే ఈ శాస్త్రము చేయు పని. ఇంత చిన్నవానిని చూచు సాధనము లేనిదే శాస్త్రము సాగదు గదా! పరమాణువులను విడివిడిగా చూపగల సూక్ష్మదర్శినిని 1981లో బినిగ్, రోరర్ అనువారు నిర్మించిరి. 1986లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

చిన్నదైనంత మాత్రమున వస్తువు గుణమేల మారవలెను? విద్యార్థులు ముందుగా తెలిసికొనవలసినది ఇదియే. పటికబెల్లపు ముక్కను నీటిలో వేసిన చాలసేపటికి గాని కరగదు. అదే ముక్కను దంచి వేసిన క్షణములో కరగును. పదార్థము అదియే, తూకము అదియే. పెరిగినది నీటికి తగులు ఉపరితలము మాత్రమే. ఇప్పుడు లెక్క వేయుదము. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఉపరితలము ఆరు చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ఘనములుగా కోసిన అరువది చదరపు సెంటీమీటర్లగును. నానోమీటరు ఘనములుగా కోయగలిగిన యెడల మొత్తము ఉపరితలము ఆరువేల చదరపు మీటర్లు! మన రైతుల లెక్కలో ఎకరము పందొమ్మిది గుంటలు. పిడికిట దాగు వస్తువులో అంత చేను అణగియున్నది. ఉపరితలమున నున్న పరమాణువునకు ఒక ప్రక్క పొరుగువారు లేరు. కనుక అది ఇతర పదార్థములతో కలియుటకు ఎక్కువ ఉత్సాహము చూపును.

ఉపరితల మొక్కటియే కారణము కాదు. బంగారము పసుపుపచ్చనిదని పసిపిల్లవాడును ఎరుగును. దానిని ఇరువది నానోమీటర్ల రేణువులు చేసి నీటిలో తేల్చిన ఆ నీరు కెంపువన్నె దాల్చును. మైకేల్ ఫారడే 1857లోనే దీనిని పరిశీలించెను. మరికొన్ని పదార్థములలో, రేణువు మరీ చిన్నదైనప్పుడు అందలి ఎలక్ట్రానుల సంచారమునకు చోటు చాలక, రేణువు కొలతను బట్టియే రంగు మారును. క్వాంటం చుక్కలనబడు ఈ రేణువులు కొన్ని టెలివిజను తెరలలో వాడబడుచున్నవి. వీనిపై పరిశోధించిన ముగ్గురికి 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇదంతయు పరదేశపు విద్య యని అనుకొనరాదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము అను గ్రామము కలదు. అక్కడ మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆంగ్లేయులు 'ఊట్జ్' అని వ్రాసిన మాట మన 'ఉక్కు' నుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము. ఆ జాతి ఉక్కుతో చేసిన పదునేడవ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గమును జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందు కర్బనపు నానో నాళికలు ఉన్నవని 2006లో ప్రకటించిరి. ఆ ఖడ్గపు ఉక్కు మన కోనసముద్రముదే యని చెప్పుటకు ఆధారము లేదు. ఆనాటి కమ్మరికి నానోమీటరు తెలియదు. కొలిమి వేడిమి, చల్లార్చు పద్ధతి తెలియును.

ఇక ఇంటి ఉపయోగము. వెండి నుండి వెలువడు అయానులు బాక్టీరియాను చంపును. వెండిని నానో రేణువులుగా చేసినచో స్వల్పమైన వెండియే చాలును. హైదరాబాదులోని బాలాపూర్ వద్దనున్న ఎ.ఆర్.సి.ఐ. పరిశోధనాకేంద్రమువారు నీటి ఫిల్టరు క్యాండిళ్లకు ఇట్టి వెండిని పట్టించు పద్ధతి రూపొందించిరి. 2009లో టాటా సంస్థ విడుదల చేసిన 'స్వచ్' అను ఫిల్టరులో వరిఊక బూడిదపై నానో వెండిని పొదిగిరి. మన రైసుమిల్లుల వద్ద గుట్టలుగా పడియుండు ఊకకు ఇంతటి గౌరవము దక్కుట మాకు సంతోషము కలిగించినది.

అయితే ఒక హెచ్చరిక అవసరము. 'నానో' యను పేరు చూచి ఆ ఫిల్టరు సమస్త దోషములను హరించునని నమ్మి, ఫ్లోరైడు గల బోరునీటిని అందులో పోసి పిల్లలకు త్రాగించినచో ప్రయోజనము లేదు. ఫ్లోరైడు ప్రాణి కాదు. వెండి దానిని చంపుట యెక్కడిది? కాచినను పోదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు మాత్రమే అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. మించినది ఏండ్ల తరబడి ఎముకలలో చేరి వానిని వంచును. నల్లగొండ వెతలు మనమెరిగినవే. పటిక, సున్నము కలుపు నల్లగొండ పద్ధతియో, ఉత్తేజిత అల్యూమినాయో, రివర్స్ ఆస్మాసిస్ యంత్రమో దానికి కావలెను. కనుక బోరునీటిని ముందు పరీక్ష చేయించుడు. ఫిల్టరు మాట తరువాత.

వెండి సూక్ష్మజీవులను చంపునప్పుడు మంచి చెడ్డ చూడదు. నానో వెండి పట్టించిన వస్త్రములను ఉతికిన నీరు కాలువలలో చేరి, మురుగును శుద్ధిచేయు మేలు జీవులకును హాని చేయవచ్చునని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. వైద్యమున మాత్రము నానో రేణువుల సేవ స్పష్టముగానే యున్నది. కోవిడు కాలమున కొన్ని టీకాలలోని సున్నితమైన ఆర్.ఎన్.ఏ.ను జీవకణములకు చేర్చినవి సుమారు నూరు నానోమీటర్ల క్రొవ్వు రేణువులే.

మా విద్యార్థి శ్రోతలు ఇంటిలోనే ఒక ప్రయోగము చేయవచ్చును. గాజుగ్లాసెడు నీటిలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ప్రక్కనుండి టార్చిలైటు వేయుడు. పాలలోని కేసీను రేణువులు నూరు, రెండునూర్ల నానోమీటర్లవి గనుక వెలుతురును చెదరగొట్టును. ప్రక్కనుండి చూచిన నీరు లేత నీలముగా నుండును. నీటి గుండా టార్చివైపు చూచిన దీపము కొంచెము ఎఱ్ఱబారి కనబడును. పాలచుక్కలు మరీ ఎక్కువైన అంతయు తెల్లబడి ఏమియు తెలియదు.