ఒకే పులి, ఎన్ని అర్థాలు!

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ పులి గుర్తు రెండు శతాబ్దాలకు పైగా చేతులు మారుతూనే ఉంది. మారిన ప్రతిసారీ దాని అర్థమూ మారింది. ఒక జెండాను భుజానికెత్తుకునే ముందు, ఒక చిహ్నాన్ని చెరిపేసే ముందు ఏం అడగాలో ఆయన పుట్టిన దేవనహళ్ళి నుంచే నేర్చుకోవచ్చు.

బెంగళూరు విమానాశ్రయంలో దిగినవారిని బెంగళూరు నిర్మాత కెంపేగౌడ 108 అడుగుల కంచు విగ్రహం పలకరిస్తుంది. దాన్ని 2022 నవంబరు 11న ఆవిష్కరించారు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే దేవనహళ్ళి కోట ఉంది. కోట పక్కన చిన్న రాతి మండపం, అందులో ఒక శిలాఫలకం. టిప్పు పుట్టింది ఇక్కడేనని ఆ ఫలకం చెబుతుంది.

ఈ కోటకు మొదట మట్టిగోడలు లేపింది మాత్రం 1501లో ఆవతి పాళెగాడు మల్లబైరేగౌడ. 1749లో మైసూరు సైన్యం దీన్ని ముట్టడించినప్పుడే టిప్పు తండ్రి హైదర్ అలీ, అప్పటికి ఒక సైనికుడు, అందరి కంటా పడ్డాడు. తర్వాత అది రాతికోట అయింది. 1791లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేనల వశమైంది. కెంపేగౌడ పూర్వీకులదీ ఆ ఆవతి మూలమే. 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానాన్ని ఆయన రచనగానే చెబుతారు. అంటే ఈ నేలమీద కన్నడం, తెలుగు, దక్కనీ మూడూ కలిసే పెరిగాయి.

అయినా 2015లో నాటకకర్త గిరీశ్ కర్నాడ్ ఈ విమానాశ్రయానికి టిప్పు పేరు పెట్టి ఉంటే బాగుండేదన్నందుకు పెద్ద దుమారం లేచింది. ఆయన క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

లండన్ చేరిన పులి

టిప్పుకు పులి రాజచిహ్నం. ఆయన సింహాసనం మీద, ఫిరంగుల మూతుల మీద పులి తలలు ఉండేవి. సైనికుల దుస్తుల మీద పులి చారలు కనిపించేవి. తెల్లవాడి మీద పడి కొరుకుతున్న పులి కొయ్యబొమ్మ ఒకటి ఆయన కొలువులో ఉండేది. పిడి తిప్పితే పులి గాండ్రిస్తుంది, కిందపడ్డవాడు మూలుగుతాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు నేలకొరిగాడు. ఆ బొమ్మ లండన్‌కు తరలింది. ఇప్పుడది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడి జనం దాన్ని మొదట చూసింది ఓడిన శత్రువు క్రూరత్వానికి సాక్ష్యంగా. యుద్ధంలో పాల్గొన్నవారికి ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన పతకం మీద బ్రిటిష్ సింహం పులిని నేలకు అదిమిపెట్టి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో సుభాష్ చంద్రబోస్ కూడగట్టిన భారతీయ దళం త్రివర్ణం మీద దూకే పులిని నిలిపింది. రాజదర్పం, ఓటమి, స్వాతంత్ర్యకాంక్ష. మూడింటికీ పులే గుర్తయింది.

గాయపడ్డవాళ్ళ జ్ఞాపకం

ఆ పులిని కొడగువాసి చూసే చూపు వేరు. టిప్పు దండయాత్రల్లో వేలాదిమంది కొడవలు బందీలయ్యారు, బలవంతపు మతమార్పిడులకు గురయ్యారు. 1784లో మంగళూరు కేథలిక్కులను చెరపట్టి శ్రీరంగపట్నానికి నడిపించారు. తమ పూర్వీకులను టిప్పు చంపించాడన్న జ్ఞాపకంతో మేల్కోటె మండ్యం అయ్యంగార్లు నేటికీ నరక చతుర్దశి జరుపుకోరు.

శృంగేరి మఠం కథ ఇంకో దారిలో నడుస్తుంది. 1791లో మరాఠా సైనిక మూకలు మఠాన్ని దోచుకున్నప్పుడు టిప్పు మఠాధిపతికి భక్తిగా లేఖలు రాసి, విగ్రహ ప్రతిష్ఠకు ధనం పంపాడు. 1916లో మైసూరు పురావస్తు శాఖ అధిపతి ఆర్. నరసింహాచార్ ఆ లేఖలను వెలుగులోకి తెచ్చారు.

శృంగేరి లేఖలు కొడగు కన్నీళ్ళను తుడవలేవు. కొడగు కన్నీళ్ళు శృంగేరి లేఖలను అబద్ధం చేయవు. 2015లో కర్ణాటక ప్రభుత్వం టిప్పు జయంతి జరిపితే కొడగులోని మడికేరిలో ఘర్షణలు జరిగి ప్రాణాలు పోయాయి. 2019లో మరో ప్రభుత్వం ఆ ఉత్సవాన్ని రద్దు చేసింది. రెండుసార్లూ చరిత్ర చదివే పని పక్కకుపోయింది, పక్షం ఎంచుకోవడమే మిగిలింది.

ఎప్పుడు ఎగరేశారు?

మనకూ ఇలాంటివి ఉన్నాయి. ఏటా నవంబరు 1 కర్ణాటకకు రాజ్యోత్సవం. అదే తేదీ ఆంధ్రలో అవతరణ దినం. తెలంగాణ ఉద్యమకారులు దాన్నే విద్రోహ దినంగా పాటించారు. ఆ రోజు దేవనహళ్ళి వీధుల్లో ఎగిరే పసుపు, ఎరుపు జెండాను 1960లలో మ. రామమూర్తి రూపొందించారు. కన్నడిగుడికి అది అరిశిన (పసుపు), కుంకుమల శుభం. అదే జెండా భాషాగొడవ నడుమ గుంపు చేతిలో కనబడితే అక్కడి తెలుగు దుకాణదారు గుండె జారుతుంది.

కాబట్టి చిహ్నం ఎప్పుడు పుట్టిందన్నది సగం ప్రశ్నే. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఎదురుగా ఎత్తారన్నది మిగతా సగం. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాను కొందరు పూర్వీకుల వారసత్వమంటారు. కానీ సౌత్ కరోలినా శాసనభవనం మీద దాన్ని ఎగరేసింది 1960ల మొదట్లో, నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం ఉప్పెనలా సాగుతున్న రోజుల్లో. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో ఒక తెల్లజాతి దురహంకారి తొమ్మిదిమంది నల్లజాతీయులను కాల్చి చంపాక, జూలైలో దాన్ని శాసనభవనం ఆవరణ నుంచి శాశ్వతంగా దించేశారు. అక్కడ చారిత్రక సందర్భం జెండాకు సాకు కాలేదు, దాని గుట్టు విప్పింది.

సందర్భం తెలుసుకుంటే కొన్ని చిహ్నాల మీద కోపం చల్లారుతుంది, కొన్నిటి మీద భక్తి సడలుతుంది. ఈ రెండింటికీ సిద్ధపడినవారికే చరిత్ర గురించి మాట్లాడే అర్హత ఉంటుంది. తనకు నచ్చిన పేజీ చింపుకుని జేబులో పెట్టుకోవడం చరిత్ర చదవడం కాదు.

దేవనహళ్ళి స్మారకం దగ్గర పుట్టుక సంగతి చెప్పే ఒక్క ఫలకం చాలదు. దాని పక్కన ఇంకొన్ని నిలవాలి: కంపెనీతో చేసిన యుద్ధాలు, శృంగేరి లేఖలు, కొడగు బందీలు, మంగళూరు చెర, మేల్కోటె జ్ఞాపకం, ఆవతి పాళెగాళ్ళ కథ. కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. బడిపిల్లలు వచ్చి అన్నీ చదవాలి, అక్కడే వాదించుకోవాలి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా జయంతులు పెట్టడానికీ ఎత్తేయడానికీ పట్టే ఖర్చుతో, శ్రమతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. చేయవలసిన పని మాత్రం ఇదే.