జనరేటరు గరాజులో కాదు, పెరట్లో

మనలో చాలామందికి జనరేటరు కొత్త వస్తువేమీ కాదు. ఎండాకాలం కరెంటు కోత మొదలవగానే బజారులో కొట్ల ముందు వరసగా డబడబమని మోత మొదలయ్యేది. కిరోసిన్ వాసన, పొగ, ఆ గోలలోనే బేరాలు. పెళ్ళిపందిరి వెనకాలా ఒకటి ఉండేది. అవన్నీ ఆరుబయట ఉండేవి, మన ఇళ్ళకేమో కిటికీలూ వెంటిలేటర్లూ. ఇక్కడి ఇళ్ళు అలా కాదు. ఏసీ చల్లదనం, హీటరు వేడి బయటికి పోకుండా సందుల్లేకుండా కడతారు. లోపలికి వచ్చిన పొగ అంత తొందరగా పోదు. ఈ తేడా మాకు 2021 ఫిబ్రవరిలో తెలిసివచ్చింది.

ఆ మంచుతుఫానుకి టెక్సస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్ళకీ దుకాణాలకీ కరెంటు పోయింది. హ్యూస్టన్‌లో మా ఇల్లూ వాటిలో ఒకటి. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడి, జనరేటరుని గరాజులో పెట్టి తలుపు సగం ఎత్తి ఉంచాం. పొగ బయటికే పోతుందిలే అనుకున్నాం (ఇద్దరం ఇంజనీర్లమే!). గంట గడిచేసరికి అమ్మమ్మకి కళ్ళు తిరిగాయి, పిల్లలకి తలనొప్పి. చలివల్లనుకుని శొంఠి కాఫీ ఇచ్చాం. అంతలో మేడమీద అలారం మోగింది. బ్యాటరీ అయిపోయిందనుకుని, స్టూలెక్కి దాన్ని ఊడదీయబోతుంటే మా రెండోవాడు, "నాన్నా, నాలుగు బీపులొస్తున్నాయి, మనం బయటికెళ్ళాలి" అన్నాడు. బళ్ళో ఫైర్‌మన్ చెప్పాడట. దుప్పట్లు కప్పుకుని అందరం వాకిట్లో నిలబడి 911కి ఫోన్ చేశాం. వచ్చినాయన మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళొచ్చి, "రాత్రి మీరు ఇలాగే పడుకుని ఉంటే..." అని ఆపేశాడు.

ఆ వాయువు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే ఇది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందువల్ల ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది గాని ఒంటికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, అచ్చం ఫ్లూ లాగే, జ్వరం మాత్రం ఉండదు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికా ఉండదు.

గరాజు తలుపు పూర్తిగా తెరిచినా, ఫ్యాను పెట్టినా చాలదు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సరు మూతి ఇంటివైపు కాకుండా ఉండాలి. పక్కింటివారి కిటికీ వైపూ తిప్పకూడదు. వసారాలో, కిటికీ కింద అసలే వద్దు. వానపడుతుంటే నాలుగు వైపులా గాలాడే పందిరి కింద పెట్టండి. దొంగల భయమా, గొలుసూ తాళం కొనండి. కొత్త జనరేటర్లలో కొన్నింటికి ఈ వాయువు పెరిగితే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంది. అది ఉన్నా 20 అడుగులు 20 అడుగులే.

పిల్లలూ, ఇది మీకు. చాలా అలారాల్లో నాలుగు బీపులు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు బీపులంటే కార్బన్ మోనాక్సైడ్. మూడేసి బీపులు పొగ, మంట. ఎప్పుడో ఒకసారి కిచ్‌మంటే బ్యాటరీ అయిపోతోందని. నాలుగు వినిపిస్తే ఎవర్నీ అడగకుండా అందర్నీ బయటికి లాక్కెళ్ళండి. ఫైర్‌వాళ్ళు చెప్పేదాకా లోపలికి రావద్దు. పెద్దలకో మాట: పడకగదుల దగ్గర బ్యాటరీతో నడిచే అలారం లేకపోతే జనరేటరు కంటే ముందు అది కొనండి.

పెట్రోలు పోసేముందు ఇంజను ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి సైలెన్సరు మీద నాలుగు చుక్కలు పడ్డా అంటుకుంటుంది. డబ్బాని ఇంట్లోగాని, గరాజులో గ్యాస్ వాటర్ హీటరు పక్కనగాని పెట్టవద్దు. ఆవిరి నేలమీదుగా పాకి మంటని అందుకుంటుంది.

రెండు చివర్లా పిన్నులున్న తీగతో డ్రయ్యరు సాకెట్లోకి కరెంటు ఎక్కించి ఇల్లంతా వెలిగించుకున్నామని కొందరు గొప్పగా చెబుతుంటారు. వద్దే వద్దు. ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 240 వోల్టులు వేల వోల్టులవుతాయి. లైను చచ్చిపోయిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఇల్లంతా కావాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవాలి. లేదంటే ఆరుబయట వాడే లావాటి ఎక్స్‌టెన్షన్ తీగతో ఫ్రిజ్ నేరుగా జనరేటరుకే. మేము చేసేది అదే.

2024 జూలైలో బెరిల్ తుఫానుకి మాకు మళ్ళీ కరెంటు పోయింది. ఈసారి పెరట్లో చెట్టుకి గొలుసుతో కట్టి, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు నడిపాం. టేపు పట్టుకుని దూరం కొలిచింది మా రెండోవాడు. 19 అడుగుల చిల్లర వచ్చిందని జనరేటరుని ఇంకొంచెం వెనక్కి జరిపించాడు.