నొప్పి ఎంతుందని నర్సు అడిగితే

ఆస్పత్రిలో నర్సు జ్వరం, బీపీ చూశాక "నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పదిలో చెప్పండి" అని అడగడం ఇప్పుడు చాలాచోట్ల మామూలు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఊహించగలిగినంతలో అతి పెద్ద నొప్పి. మన పెద్దవాళ్లేమో "పరవాలేదమ్మా" అంటారు. పక్కనున్న మనవడు అదే మాటను తమిళంలోకో కన్నడంలోకో మార్చి చెబుతాడు. చార్టులో రెండో మూడో పడుతుంది. ఉద్యోగమంతా ఫారాలు నింపినవాళ్లం కాబట్టి చెబుతున్నాం: ఖాళీ గడి ఉంటే పైవాళ్లు వెనక్కి పంపుతారు గానీ, తక్కువ అంకె వేసిన గడిని ఎవరూ తిరిగి చూడరు.

జ్వరానికి థర్మామీటరు ఉంది, నొప్పికి లేదు. నొప్పి ఉందా లేదా, ఎలా ఉంది అనే దానికి రోగి మాటే ప్రమాణమని అమెరికా నర్సు మార్గో మెకాఫరీ 1968లో రాశారు. నర్సింగ్ చదువులో ఇప్పటికీ అదే నేర్పుతారు. అందుకని మొహమాటంతో నొప్పి తగ్గించి చెప్తే నర్సు కూడా తగ్గించే రాసుకుంటుంది.

పదిలో ఎంత అంటే తెల్లబోయే అవ్వలను "రూపాయి నొప్పి అనుకుంటే ఇప్పుడెంత? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగి చూడండి. ఠక్కున చెప్తారు. ముప్పావలా అంటే ఏడు, ఎనిమిది అన్నమాట. నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు ముఖాల బొమ్మల కార్డు కూడా ఉంటుంది. పిల్లల కోసం చేసినదే అయినా భాష రానివాళ్లకూ పనికొస్తుంది. నర్సును అడగండి.

అంకెతోనే పని అయిపోదు. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎటు పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఎలాంటి నొప్పి అని కూడా అడుగుతారు. ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే మనకు చిక్కు. మన భాషలో చీము పట్టిన వేలు సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, నడుము పట్టేస్తుంది, పక్కలో పోటు వస్తుంది, నరం జివ్వుమంటుంది. మనవడు వీటన్నిటినీ "వలి" అనే ఒక్క తమిళ మాటలో కుదించేస్తాడు. కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో తయారుచేసిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలు 20 గుంపులుగా ఉన్నాయి. మాటను బట్టి జబ్బు జాడ దొరుకుతుందనే కదా అంత శ్రమ! షుగరున్నవాళ్లు అరికాళ్లలో మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు అంటే డాక్టరు నరాల నొప్పేమోనని ఆలోచిస్తారు. దాని మందులు వేరు, మామూలు నొప్పి బిళ్లలు అంతగా పనిచేయవు.

పొరుగు భాషల్లో ఇంకో తిరకాసు ఉంది. సోలాపూర్‌లో మనవాళ్లు "పోటు" అంటే మరాఠీ నర్సుకు "పోట్", అంటే కడుపు, అని వినపడవచ్చు. హోసూరు నుంచి బెంగళూరు వెళ్లినవాళ్లను కన్నడ నర్సు "ఉరి ఇదెయా" అని అడిగితే భయపడొద్దు, మంట ఉందా అని అడుగుతోంది. తమిళంలో మంటను ఎరిచ్చల్ అనీ, పొడిచినట్టుండే పోటును కుత్తల్ అనీ అంటారు.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, చెయ్యీ దవడా లాగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి అంటే దాన్ని "గ్యాస్" అని అనువదించకండి. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పి, వెంటనే 108 పిలవండి.

మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లలో చాలామంది తర్వాత నేర్చుకున్న భాష మరిచి చిన్ననాటి భాషలోకి వచ్చేస్తారు. నలభై ఏళ్లు కన్నడం మాట్లాడిన తాతయ్య తెలుగులోనే మూలుగుతాడు. అసలు మాటే రాకపోతే నర్సులు పెయినాడ్ అనే కొలత వాడతారు. 2003లో వచ్చింది. శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు చొప్పున మార్కులు, మొత్తం పది. ఇందులో ఇంటివాళ్ల సాయం చాలా కావాలి. ఆయన మామూలుగానే నుదురు ముడిచే మనిషా, ఇవాళే ముడిచారా అన్నది మీకే తెలుసు.

పెద్దవాళ్లు వాడే నొప్పి మాటలు నాలుగైదు, పక్కన స్థానిక భాషలో అర్థం ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర ఉంచండి. రాత్రి డ్యూటీ నర్సు వేరే మనిషి వస్తుంది. బిళ్ల ఇచ్చిన గంటకు మళ్లీ అంకె అడగాలి. అడగకపోతే మీరే వెళ్లి చెప్పండి.