తగ్గింపుపై తగ్గింపు

శంషాబాదున విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో తెఱవఁబడినది. అక్కడి బెంగుళూరు మార్గము ప్రక్కనున్న యొక బట్టల యంగడిలో నేను కన్నులారఁ జూచిన సంగతి యొకటి ముందుగా విన్నవించెదను. బడి తెఱచుటకుఁ గొలఁది దినములు ముందు ఒక తండ్రి తన కుమార్తెకు బట్టలు కొన వచ్చెను. ద్వారముమీఁద "నూటికి 40 తగ్గింపు, దానిపై మఱియు 20" అని బలక కట్టియుండెను. ఆయన యేరిన బట్టల వెల 5,000 రూపాయలు. నలువదియు నిరువదియు నఱువది గదా యని 2,000 రూపాయలు లెక్కించి చేతఁ బట్టుకొనెను. గుమాస్తా 2,400 అడిగెను. ఆయన మోసమనెను, గుమాస్తా, యంత్రము చూపినదే లెక్క యనెనే గాని కారణము చెప్పలేకపోయెను. తుదకా బాలిక యొక గౌను మరల బల్లమీఁదఁ బెట్టినది.

లెక్కలోఁ దప్పు లేదు. మొదటి తగ్గింపు 5,000 మీఁదిది. రెండవది మిగిలిన 3,000 మీఁదిది మాత్రమే. నూటికి నలువది పోఁగా నఱువది మిగులును. ఆ యఱువదిలో నైదవ పాలు, అనఁగాఁ బండ్రెండు, పోఁగా నలువదియెనిమిది మిగులును. కావున మొత్తము తగ్గింపు 52. బలకమీఁద నా యంకెయే యేల వ్రాయలేదో చదువరులే యూహింపవచ్చును.

ఇట్టి లెక్కలలోఁ బోవుదానిని విడిచి మిగులుదానిని పట్టుకొనవలయును. 60ని 80తో హెచ్చించి నూటితో భాగించిన 48 వచ్చును, పని ముగిసినది. నోటిలెక్కకు వేఱొక దారి కలదు: రెండు తగ్గింపులను గూడి, వాని లబ్ధములో నూఱవ వంతును దీసివేయుఁడు. 40, 20 కూడిన 60, లబ్ధము 800, దాని నూఱవ వంతు 8, శేషము 52. తగ్గింపులు మూఁడైనచో మొదటి రెంటిని గలిపి, వచ్చినదానిని మూఁడవదానితోఁ గలుపవలయును. 30, 20 కలిసి 44. దానితో 10 కలిసి 49.6 అగును, అఱువది కాదు. సగము తగ్గించి మరల సగము తగ్గించినను సరకు ఉచితముగా రాదు. నాలుగవ వంతు వెల యీయవలసినదే.

అణాల కాలమునందును చిక్కిదియే. రూపాయికి రెండణాలు ముదరా, పిదప మిగిలినదానిపై రూపాయికి నొక యణా యనిన, మూఁడణాలు తగ్గవు. అణాలో నెనిమిదవ వంతు కొఱఁతపడును.

శాతములు మాత్రమే యున్నచో నేది ముందైనను ఫలమొక్కటే. 20 ముందు తీసి 40 పిమ్మటఁ దీసినను 2,400లే. కాని యిన్ని రూపాయలని కూపను చేరినచో వరుస ముఖ్యము. 5,000లో ముందు నూటికి 20 తగ్గించి పిదప 500 తీసిన 3,500 అగును. ముందే 500 తీసి పిదప నూటికి 20 తగ్గించిన 3,600 అగును. బిల్లు వ్రాయకముందే యే వరుసయో యడిగి తెలిసికొనుఁడు. నూఱు రూపాయల భేద మందున్నది.