పదవులు పోయినవి, పలుకు మిగిలెను

రోమక సామ్రాజ్యమునకు లోబడిన గాల్ దేశమున, నేటి ఫ్రాన్సులోని బోర్డో నగరమందు, 4వ శతాబ్దిలో అవుసోనియస్ అను ఉపాధ్యాయుడు సుమారు ముప్పదియేండ్లు వ్యాకరణమును, అలంకారశాస్త్రమును బోధించెను. అతని తండ్రి వైద్యుడు. గ్రీకు బాగుగ వచ్చును గాని లాటిన్ తడబడుచుండెడిది. కుమారునకు ఆ లాటినే నిచ్చెన యయ్యెను. రాజకుమారుడగు గ్రేషియనునకు గురువై, శిష్యుడు చక్రవర్తి యైన పిదప 379లో కాన్సల్ పదవి నందెను. బడిపంతులు అంత యెత్తున కెక్కుట ఆనాడును వింతయే!

బడిలో నేర్పిన లాటిన్ వీధిలోనిది కాదు. నాలుగువందల యేండ్లనాటి వర్జిల్, సిసిరోలది. నోట అపశబ్దము దొర్లినచో పెద్దమనుష్యుల పంక్తిలో తలవంపులే. అందుకే, గురువునకు జంకవలదనియు, తల్లిదండ్రులును ఈ దారిని నడచినవారే యనియు అవుసోనియస్ తన మనుమనికి పద్యలేఖ వ్రాసెను. తల్లిని గూడ చెప్పుట గమనింపదగినది.

నూరేండ్లకు కథ మారెను. 475లో ఓవెర్న్ సీమ విసిగోతుల వశమయ్యెను. అచటి బిషప్ సిడోనియస్, ఉద్యోగశ్రేణులు అంతరించినవి గనుక కులీనునకు ఇక విద్యయే గుర్తని ఒక పండితునకు వ్రాసెను. ఆ మాటలో గర్వముకంటె దుఃఖమే ఎక్కువ వినిపించును.

అతని మిత్రుడు స్యాగ్రియస్ అంతకుమున్నే వేరు త్రోవ త్రొక్కెను. కాన్సల్ మునిమనుమడయ్యును, క్రొత్తగా వచ్చిన బర్గండియనుల భాషను చక్కగా నేర్చెను. సిడోనియస్ వేళాకోళము చేసి, లాటిన్ పఠనము విడువవలదని హితవు చెప్పెను. వేళాకోళమున కేమి గాని, ఆ జర్మను వృద్ధులు లేఖల అర్థము తెలిసికొనుటకును, తగవులు తీర్చుకొనుటకును స్యాగ్రియస్ నే ఆశ్రయించుచుండిరి.